ఓల్డ్ టామ్ మోరిస్

థామస్ మిచెల్ మోరిస్ (1821 జూన్ 16 - 1908 మే 24) స్కాట్లాండు దేశానికి చెందిన ప్రసిద్ధ గోల్ఫ్ క్రీడాకారుడు. ఆటగాడు మాత్రమే గాక ఇతడు గోల్ఫ్ బంతులు, కర్రలు తయారుచేసే పనివాడు, మైదానాల సంరక్షకుడు, కొత్త మైదానాల రూపకర్త కూడా. ఇదే పేరు గల ఇతని కుమారుడు కూడా గొప్ప ఆటగాడు కావడం వలన తండ్రిని ఓల్డ్ టామ్ (పెద్ద టామ్) అనీ, కుమారుని యంగ్ టామ్ (చిన్న టామ్) అనీ వ్యవహరిస్తారు. గోల్ఫ్‌లో అత్యంత ప్రాచీనమైన ఓపెన్ ఛాంపియన్‌షిప్ పోటీలో పెద్ద టామ్ 1861, 1862, 1864, 1867 సంవత్సరాలలో, మొత్తం నాలుగు సార్లు విజేతగా నిలిచాడు.

గోల్ఫ్ చరిత్రలో మోరిస్ పేరు ప్రత్యేకంగా చెప్పుకోవడానికి మరొక కారణం కూడా ఉంది. ఇతడు 87 సంవత్సరాలకు కొద్ది రోజులు తక్కువగా జీవించాడు. ఆ కాలంలో గోల్ఫ్ బంతి మూడు రూపాలు మార్చుకున్నది. ఈకలు కూరిన తోలు బంతిని చేయడం నేర్చుకొని వృత్తిలోకి వచ్చిన మోరిస్, గట్టా పెర్చా అనే చెట్టు పాల బంతితో పేరు, జీవనోపాధి సంపాదించుకున్నాడు. వృద్ధాప్యంలో రబ్బరు దారం చుట్టిన బంతి వచ్చి ఆ గట్టా పెర్చాను వెళ్ళగొట్టడం కూడా చూశాడు. బంతి మారిన ప్రతిసారీ దానిని కొట్టే కర్ర మారింది, ఆట తీరు మారింది, ఆడేవారు కూడా మారారు.

గోల్ఫ్ పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట. విశాలమైన పచ్చిక మైదానంలో దూరదూరంగా ఉన్న చిన్న గుంటలలో బంతిని వరుసగా వేసుకుంటూ పోవడమే ఈ ఆట. తక్కువ దెబ్బలలో పూర్తి చేసినవాడు గెలుస్తాడు. గుంట చుట్టూ నున్నగా పెంచిన పచ్చికను గ్రీన్ అంటారు. ఆటగాని కర్రలు మోసుకుంటూ వెంట నడిచే వానిని క్యాడీ అంటారు. ఆంగ్లంలో ఆడే కర్రను, ఆటగాళ్ళ సంఘాన్ని కూడా క్లబ్బు అనే పిలుస్తారు. ఈ వ్యాసంలో తికమక లేకుండా ఆడేదానిని కర్ర అనీ, సంఘాన్ని క్లబ్బు అనీ వ్రాయడమైనది.

బాల్యం

మోరిస్ స్కాట్లాండు తూర్పు తీరంలోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఒక నేతపనివాని ఇంట జన్మించాడు. తండ్రి పేరు జాన్ మోరిస్. 1413లో స్థాపించబడిన విశ్వవిద్యాలయం వలన ఈ పట్టణం అంతకు ముందే ప్రసిద్ధి చెందినది. ఊరికీ సముద్రానికీ మధ్య లింక్స్ అని పిలువబడే ఇసుక నేలలున్నాయి. పంటలకు పనికిరాని ఈ బీడు భూములలో గొర్రెలు మేసేవి, కుందేళ్ళు బొరియలు చేసుకునేవి, పట్టణవాసులు గోల్ఫ్ ఆడేవారు. గొర్రెలు కొరికిన గడ్డి పొట్టిగా ఉండి బంతి దొర్లడానికి అనువుగా ఉండేది. నాగలి దిగని నేల కాబట్టే అది ఆటకు మిగిలిందని చెప్పవచ్చు.

పేదపిల్లలకు నిజమైన బంతి కొనే స్తోమత లేదు. మోరిస్ తన పదవ ఏట ప్రాంతంలో, సీసా బిరడాలకు మేకులు గుచ్చి బరువు తెప్పించి, వాటినే బంతులుగా వీధులలో కొడుతూ ఆట నేర్చుకున్నాడు. తరువాత మైదానంలో క్యాడీగా పనిచేశాడు. 14 ఏళ్ళ వయస్సులో అలన్ రాబర్ట్‌సన్ వద్ద పని నేర్చుకోవడానికి చేరాడు.

ఈకల బంతి

అలన్ రాబర్ట్‌సన్ (1815 - 1859) ఆనాటి ఆటగాళ్ళలో మేటి. గోల్ఫ్‌ను వృత్తిగా స్వీకరించిన మొదటివాడు ఇతడేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇతని కుటుంబవృత్తి బంతుల తయారీ. మోరిస్ ఇతని వద్ద నాలుగేళ్ళు శిష్యునిగాను, ఆ తరువాత జీతానికి పనివానిగాను ఉన్నాడు.

ఆనాటి బంతి తయారీ చాలా శ్రమతో కూడిన పని. ఎద్దు తోలును ముక్కలుగా కోసి, పటికనీటిలో నానబెట్టి మెత్తన చేసి, చిన్న సంచి వలె కుట్టి, కుట్లు లోపలికి పోయేలా తిరగవేసేవారు. వదిలిన చిన్న రంధ్రం గుండా ఉడకబెట్టిన బాతు ఈకలను కూరేవారు. ఒక్క బంతికి పొడవాటి దొరటోపీ నిండుగా పట్టేటన్ని ఈకలు అవసరమయ్యేవని ప్రసిద్ధి. చేతి బలం చాలక, ఇనుప ముల్లుకు అడ్డంగా చెక్క బిగించి, దానిని రొమ్ముకు ఆనించి శరీరం బరువంతా మోపి ఈకలు దట్టించేవారు. రంధ్రాన్ని కుట్టివేసిన తరువాత అసలు పని బంతే చేసుకునేది. తడి ఆరేకొద్దీ లోపలి ఈకలు ఉబ్బుతాయి, పైతోలు ముడుచుకుంటుంది. ఈ రెండు ఒత్తిళ్ళ మధ్య బంతి రాయి వలె గట్టిపడేది. ఆ పైన సుత్తితో గుండ్రంగా కొట్టి తెల్లరంగు వేసేవారు.

నేర్పరి అయిన పనివాడు కూడా రోజుకు మూడు నాలుగు బంతులకు మించి చేయలేకపోయేవాడు. అందువలన ఒక బంతి వెల రెండు షిల్లింగులు మొదలు ఐదు షిల్లింగుల వరకు పలికేది. కొన్నిసార్లు ఒక కర్ర వెలకు సమానం. అంత ఖరీదు పెట్టి కొన్న బంతి వానలో తడిస్తే బరువెక్కి పనికిరాకుండా పోయేది. ఇనుప కర్ర దెబ్బ అడ్డంగా తగిలితే చీలి ఈకలు బయటకు వచ్చేవి. కాబట్టి గోల్ఫ్ ప్రధానంగా భూస్వాముల, వర్తకుల ఆటగా ఉండేది. తయారీదారుకు మాత్రం ఇది మంచి వ్యాపారం. 1844లో రాబర్ట్‌సన్ కార్ఖానాలో 2,456 బంతులు తయారయ్యాయి. కార్ఖానా అన్నమాటే గాని, అది అతని ఇంటి వంటగది. ఈకల ధూళి పీల్చి పనివారు ఊపిరితిత్తుల జబ్బుల పాలయ్యేవారని కూడా చెబుతారు.

గురుశిష్యులిద్దరూ మైదానంలో జతగా ఆడి ఓటమి ఎరుగని జోడీ అనిపించుకున్నారు. 1849లో మస్సెల్‌బరో పట్టణానికి చెందిన డన్ సోదరులతో 400 పౌండ్ల పందెంపై జరిగిన పోటీలో వీరు గెలిచారు. ఆ రోజులలో అది చాలా పెద్ద మొత్తం. పందెం డబ్బు ఆటగాళ్ళది కాదు, వారి వెనుక నిలిచిన ధనికులది.

గట్టా పెర్చా రాక, గురువుతో విభేదం

గట్టా పెర్చా మలయా ద్వీపకల్పం, ఆ చుట్టుపక్కల దీవులలో పెరిగే ఒక చెట్టు పాలను గడ్డకట్టించగా వచ్చే పదార్థం. ఈ చెట్టు సపోటేసీ కుటుంబానికి చెందినది. మన నల్లమల అడవులలోని ఇప్పచెట్టు, పెరటిలోని సపోటా చెట్టు కూడా ఈ కుటుంబానివే. గట్టా పెర్చా రబ్బరు వలె సాగదు. వేడినీటిలో వేస్తే మైనం వలె మెత్తబడి, కోరిన రూపం దాల్చి, చల్లారగానే గట్టిపడుతుంది. 1843లో విలియం మాంట్‌గొమరీ అనే వైద్యుడు సింగపూరు నుండి దీనిని ఇంగ్లాండు విద్వత్సభల దృష్టికి తెచ్చాడు. నీరు చొరనీయని గుణం వలన ఇది సముద్రగర్భంలో పరచిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగుగా పనికివచ్చింది. కర్నూలు, కడప పట్టణాలలోని దంతవైద్యులు కూడా పంటి వేరుకు చికిత్స చేసిన తరువాత ఆ ఖాళీని నింపడానికి నేటికీ వాడేది ఈ పదార్థమే.

ఇది గోల్ఫ్‌లోకి ఎలా వచ్చిందన్న విషయమై ఒక కథ ప్రచారంలో ఉంది. సెయింట్ ఆండ్రూస్‌లో చదువుకుంటున్న రాబర్ట్ పాటర్సన్ అనే యువకుని ఇంటికి తూర్పుదేశం నుండి ఒక విష్ణుమూర్తి విగ్రహం వచ్చిందనీ, దారిలో విరగకుండా దాని చుట్టూ కూరిన గట్టా పెర్చా ముక్కలను కరిగించి అతడు బంతి చేశాడనీ ఆ కథ. ఇందులో నిజమెంతో నిర్ధారించడం కష్టం. 1848 నాటికి మాత్రం గట్టా పెర్చా బంతులు సెయింట్ ఆండ్రూస్‌లో ఆటకు వచ్చాయి. వీటిని గట్టీలు అని పిలిచేవారు.

గట్టీ ధర ఒక షిల్లింగు ప్రాంతంలో ఉండేది. తడిస్తే చెడదు. పగిలితే ముక్కలు ఏరి వేడినీటిలో వేసి మళ్ళీ బంతి చేసుకోవచ్చు. ఈకల బంతికి అవసరమైన నైపుణ్యంలో పదవ వంతు కూడా దీనికి అక్కరలేదు. ఇది రాబర్ట్‌సన్‌కు పిడుగుపాటు అయినది. మరమగ్గాల గుడ్డ దిగుమతి అయినపుడు నేతగాళ్ళకు ఏమయిందో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎమ్మిగనూరు ప్రాంతాల పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. రాబర్ట్‌సన్ ఆందోళన అటువంటిదే. పొదలలో దొరికిన గట్టీలను క్యాడీల వద్ద డబ్బిచ్చి కొని నిప్పులో వేసి కాల్చేవాడని చెబుతారు. తన పనివారెవరూ ఆ బంతితో ఆడరాదని మాట కూడా తీసుకున్నాడు.

ఒకనాడు మోరిస్ మైదానంలో ఆడుతుండగా తన వద్దనున్న ఈకల బంతులన్నీ అయిపోయాయి. తోటి ఆటగాడైన క్యాంప్‌బెల్ అనే పెద్దమనిషి ఒక గట్టీ ఇవ్వగా దానితో ఆట పూర్తిచేశాడు. ఎదురుగా వస్తున్న రాబర్ట్‌సన్‌కు ఈ సంగతి తెలిసింది. ఇద్దరి మధ్య మాటామాటా పెరిగి మోరిస్ ఆ కొలువు వదిలిపెట్టాడు. అప్పటికి ఇతనికి పెళ్ళయి సంసారం ఉంది. 1844లో ఆగ్నెస్ బేన్‌ను వివాహమాడాడు. వీరి మొదటి కుమారుడు 1850లో నాలుగేళ్ళ వయస్సులో మరణించాడు. చేతిలో పని లేని స్థితిలో మోరిస్ స్వంతంగా చిన్న దుకాణం పెట్టి, గురువు వద్దన్న గట్టీలనే తయారుచేయసాగాడు.

కొంతకాలానికి రాబర్ట్‌సన్ కూడా ఓటమి అంగీకరించి గట్టీల తయారీకి దిగాడు. రోజుకు మూడు నాలుగు బంతుల స్థానంలో ఎన్నో రెట్లు చేయగలిగేసరికి అతని రాబడి తగ్గలేదు. బంతి చవక కావడంతో ఆడేవారి సంఖ్య పెరగడమే ఇందుకు కారణం. గురుశిష్యులు కూడా ఆ తరువాత మళ్ళీ కలసి ఆడారు. రాబర్ట్‌సన్ 1858లో సెయింట్ ఆండ్రూస్ పాత మైదానాన్ని 79 దెబ్బలలో పూర్తి చేశాడు. అక్కడ 80 లోపు సాధించిన మొదటివాడు ఇతడే. మరుసటి సంవత్సరం కామెర్ల వ్యాధితో మరణించాడు.

గట్టీకి ఒక లోపం ఉండేది. నున్నటి కొత్త బంతి గాలిలో కొంతదూరం పోయి చటుక్కున కిందికి వాలేది. వాడి వాడి కర్ర దెబ్బలకు గాట్లు పడిన పాత బంతి చక్కగా ఎగిరేది. ఇది గమనించిన పనివారు కొత్త బంతికి కూడా సుత్తి అంచుతో వరుసగా గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. తరువాత అచ్చులలోనే గీతలు వచ్చాయి, ఇంకా తరువాత సీతాఫలం తొక్క వంటి బుడిపెలు వచ్చాయి. గరుకు ఉపరితలం బంతి వెంట గాలిని ఎక్కువ సేపు అంటిపెట్టుకొని ఉండేలా చేసి వెనుకలాగే శక్తిని తగ్గిస్తుందన్న శాస్త్రం ఆ పనివారికి తెలియదు. కంటితో చూసి నేర్చుకున్నారు.

ప్రెస్ట్‌విక్‌లో

1851లో పశ్చిమ తీరాన ప్రెస్ట్‌విక్ గోల్ఫ్ క్లబ్బు ఏర్పడింది. ఆ క్లబ్బు ప్రముఖులలో ఒకడైన జేమ్స్ ఓగిల్వీ ఫెయిర్లీ ఆహ్వానంపై మోరిస్ భార్యతోను, నెలల బిడ్డతోను అక్కడికి తరలివెళ్ళాడు. ఆ బిడ్డే 1851 ఏప్రిల్ 20న జన్మించిన చిన్న టామ్. మైదానాన్ని రూపొందించడం, సంరక్షించడం, బంతులు కర్రలు తయారుచేసి అమ్మడం ఇతని బాధ్యతలు. ఇసుక దిబ్బల నడుమ 12 గుంటల మైదానాన్ని తీర్చిదిద్దాడు.

ఇక్కడే మోరిస్ పచ్చిక పెంపకంలో ఒక మెళకువ కనుగొన్నాడని ప్రతీతి. గ్రీన్ మీద పొరపాటున ఒక బండి ఇసుక ఒలికిపోయిందట. కొద్దిరోజుల తరువాత చూస్తే అక్కడి గడ్డి మిగతా చోట్ల కన్నా ఒత్తుగా పెరిగింది. అప్పటినుండి గ్రీన్‌లపై పలుచగా ఇసుక చల్లడం ఇతని అలవాటు. మైదాన సంరక్షకులందరూ నేటికీ పాటించే పద్ధతి ఇది.

ఓపెన్ పోటీలు

రాబర్ట్‌సన్ మరణం తరువాత దేశంలో మేటి ఆటగాడెవరన్న ప్రశ్న వచ్చింది. దానిని తేల్చడానికి ప్రెస్ట్‌విక్ క్లబ్బు 1860 అక్టోబరు 17న పోటీ ఏర్పాటు చేసింది. ఇదే ఓపెన్ ఛాంపియన్‌షిప్‌కు నాంది. ఎనిమిది మంది ఆటగాళ్ళు 12 గుంటల మైదానాన్ని ఒకే రోజు మూడు సార్లు చుట్టారు. మస్సెల్‌బరోకు చెందిన విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలవగా మోరిస్ 176తో రెండవ స్థానంలో నిలిచాడు. బహుమతిగా ఇచ్చినది వెండి బిళ్ళలు పొదిగిన ఎర్ర తోలు నడికట్టు.

1861లో మోరిస్ 163 దెబ్బలతో గెలిచాడు. 1862లో 13 దెబ్బల తేడాతో గెలిచాడు. గోల్ఫ్ ప్రధాన పోటీలలో ఇంత తేడాతో గెలుపును 2000 సంవత్సరంలో టైగర్ వుడ్స్ 15 దెబ్బల తేడాతో అమెరికా ఓపెన్ గెలిచేవరకు ఎవరూ దాటలేకపోయారు. 1864, 1867లలో మరల విజేత అయ్యాడు. 1867 నాటికి ఇతని వయస్సు 46. ఓపెన్ గెలిచినవారిలో ఇప్పటికీ అత్యంత పెద్దవయస్కుడు ఇతడే. డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత కూడా ఈ పోటీలో పాల్గొన్నాడు. అయితే గ్రీన్ పైన చిన్న దెబ్బలు కొట్టడంలో మాత్రం ఇతడు బలహీనుడని పేరుపడ్డాడు.

సెయింట్ ఆండ్రూస్‌కు తిరిగి రాక

1864లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ గోల్ఫ్ క్లబ్బు మోరిస్‌ను సంవత్సరానికి 50 పౌండ్ల జీతంపై మైదాన సంరక్షకునిగా ఆహ్వానించింది. జన్మస్థలానికి తిరిగివచ్చిన మోరిస్ 1903 వరకు ఈ ఉద్యోగంలో కొనసాగాడు. ఒకటవ, పద్దెనిమిదవ గుంటలకు కొత్త గ్రీన్‌లు నిర్మించాడు. ముళ్ళపొదలు తొలగించి ఆటదారిని వెడల్పు చేశాడు. ఆదివారం నాడు మైదానం మూసి ఉంచాలని పట్టుబట్టాడు. మనుషులకు విశ్రాంతి అక్కరలేకపోయినా గడ్డికి కావాలన్నది ఇతని వాదన. దైవభక్తి ఒక కారణం కాగా, నేల సంగతి తెలిసిన రైతు బుద్ధి మరొక కారణం అనుకోవచ్చు.

పద్దెనిమిదవ గ్రీన్ పక్కనే ఇతని దుకాణం, ఇల్లు ఉండేవి. ఇక్కడ తయారైన కర్రల తలలపై టి. మోరిస్ అన్న ముద్ర ఉండేది. ఆ ముద్ర గల కర్రలను నేడు పురావస్తువులు సేకరించేవారు ఎంతో విలువ ఇచ్చి కొంటున్నారు.

కర్రలలో మార్పులు

మోరిస్ పని నేర్చుకున్న కాలంలో గోల్ఫ్ కర్ర తల పొడవుగా, సన్నగా, కోడెదూడ మూతి వలె ఉండేది. తలను ఆపిల్, బేరి వంటి గట్టి చెట్ల కలపతో చెక్కేవారు. తల వెనుక తొలిచి సీసం పోసేవారు, అడుగున అరిగిపోకుండా కొమ్ము ముక్క బిగించేవారు. తలను, కాడను ఏటవాలుగా చెక్కి జిగురుతో అతికించి, పైన తారు పూసిన దారం బిగువుగా చుట్టేవారు. మొదట బూడిదచెట్టు వంటి స్థానిక కలపలను కాడలకు వాడేవారు. అమెరికా నుండి హికరీ కలప దిగుమతి కావడం మొదలయ్యాక అంతా దానికే మారారు. హికరీ వంగినా విరగదు, వంగినంత వేగంగా తిరిగి నిటారు అవుతుంది.

ఈకల బంతి చీలిపోతుందన్న భయంతో ఇనుప కర్రలను తప్పనిసరి అయినపుడే తీసేవారు. బండి చక్రాల గాడిలోనో, ఇసుకగుంటలోనో బంతి పడితే తప్ప వాటి పని ఉండేది కాదు. గట్టీ రాకతో ఈ పద్ధతి తలకిందులైంది. గట్టీకి ఇనుము దెబ్బ తగిలినా భయం లేదు. నిజానికి గట్టీయే చెక్క తలలను పగులగొట్టేది. దాంతో పనివారు కర్ర ముఖంలో తోలు ముక్క పొదిగారు, తలలను పొట్టిగా, లావుగా చేశారు. 1880లలో ముఖం ఉబ్బెత్తుగా ఉండే కర్రలు కూడా వచ్చాయి. మరోవైపు ఊరి కమ్మరులకు కొత్త పని దొరికింది. గుర్రపు నాడాలు, తలుపు గొళ్ళాలు చేసే కొలుములలో గోల్ఫ్ ఇనుప తలలు తయారుకాసాగాయి. అనతికాలంలోనే కొందరు కమ్మరులు దీనినే పూర్తి వృత్తిగా చేసుకున్నారు.

తరువాతి తరంలో దూరం కొట్టే కర్రల తలలకు అమెరికాలో పెరిగే పెర్సిమన్ చెట్టు కలప స్థిరపడింది. ఇది మన నల్లమలలో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టుకు దగ్గరి బంధువు. రెండూ డయోస్పైరాస్ ప్రజాతికి చెందినవే. తునికి, నల్లచేవ చెట్ల కొయ్యలోని బరువు, బిగువు తెలిసినవారికి పెర్సిమన్‌ను ఎందుకు ఎంచుకున్నారో సులభంగా అర్థమవుతుంది.

కుమారుడు చిన్న టామ్

చిన్న టామ్ 1868లో 17 ఏళ్ళ వయస్సులో ఓపెన్ గెలిచాడు. రెండవ స్థానంలో నిలిచినవాడు తండ్రే. 1869, 1870లలో కూడా గెలవడంతో, వరుసగా మూడు సార్లు గెలిచినవారికే సొంతమన్న నిబంధన ప్రకారం నడికట్టు శాశ్వతంగా ఇతనిది అయింది. బహుమతి లేక 1871లో పోటీయే జరుగలేదు. 1872లో మళ్ళీ జరిగినపుడు కూడా ఇతడే గెలిచాడు. నేడు ఇచ్చే వెండి కూజాపై చెక్కిన మొదటి పేరు ఇతనిదే.

తండ్రి తరం వారు బంతిని నేలబారుగా గ్రీన్ పైకి దొర్లించేవారు. చిన్న టామ్ బండిగాడి నుండి బంతిని తీయడానికి ఉద్దేశించిన చిన్న తల గల ఇనుప కర్రను తీసుకొని, బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీద పడినచోటనే ఆగేలా కొట్టడం అలవాటు చేశాడు. గట్టీ లేనిదే ఈ దెబ్బ లేదు. తండ్రి కొలువు పోగొట్టిన బంతి కుమారుని ఆటకు ఆధారమైంది.

చిన్న టామ్ 1874లో మార్గరెట్ డ్రినెన్‌ను వివాహమాడాడు. 1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో విల్లీ పార్క్, మంగో పార్క్ సోదరులతో ఆడుతుండగా, నిండు చూలాలైన మార్గరెట్‌కు ప్రసవం కష్టమైనదని తంతి వచ్చింది. రైలు మార్గం చుట్టుతిరుగుడు కావడంతో ఒక పెద్దమనిషి తన పడవ ఇచ్చాడు. సముద్రపాయ దాటి ఇల్లు చేరేసరికి తల్లీ బిడ్డా మరణించారు. ఆ దిగులు నుండి చిన్న టామ్ తేరుకోలేదు. అదే సంవత్సరం డిసెంబరు 25న 24 ఏళ్ళ వయస్సులో మరణించాడు. మరుసటి సంవత్సరం పెద్ద టామ్ భార్య కూడా కన్నుమూసింది. చివరకు ఇతడు తన సంతానమందరి మరణాన్నీ చూడవలసివచ్చింది.

మైదానాల రూపకల్పన

చవకబంతి, రైలుబండి కలసి గోల్ఫ్‌ను బ్రిటన్ అంతటా వ్యాపింపజేశాయి. కొత్త మైదానం కావాలన్న ప్రతి ఊరూ మోరిస్‌కే కబురు పంపేది. రోజుకు ఒక పౌండు, ప్రయాణఖర్చులు ఇతని రుసుము. యంత్రాలతో మట్టి తరలించే అవకాశం లేదు కాబట్టి, నేలపై నడుచుకుంటూ గుంటలకు తగిన చోట్లు గుర్తించి కొయ్యలు పాతేవాడు. ఇంగ్లాండులోని వెస్ట్‌వార్డ్ హో, స్కాట్లాండులోని మ్యూర్‌ఫీల్డ్ (1891), రాయల్ డోర్నాక్, మాక్రిహానిష్, ఐర్లాండు ద్వీపంలోని రాయల్ కౌంటీ డౌన్ (1889), లాహించ్ మైదానాలు ఇతడు రూపొందించిన లేక విస్తరించిన వాటిలో ముఖ్యమైనవి. ఇతని వద్ద పనిచేసిన డోనాల్డ్ రాస్ అమెరికాకు వెళ్ళి అక్కడ గొప్ప రూపకర్తగా పేరు పొందాడు.

భారతదేశంలో ఈ ఆట ఇతని కన్నా ముందే కాలుమోపింది. కలకత్తా క్లబ్బు 1829లో ఏర్పడింది. బ్రిటిష్ దీవుల వెలుపల అతి ప్రాచీన గోల్ఫ్ క్లబ్బు ఇదే. రాయలసీమకు దగ్గరలోని పాత క్లబ్బులలో బెంగుళూరు క్లబ్బు (1876) పేర్కొనదగినది.

రబ్బరు బంతి, చివరి రోజులు

అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో కోబర్న్ హాస్కెల్ అనే వ్యక్తి, గుడ్రిచ్ రబ్బరు కర్మాగారంలో పనిచేసే బెర్ట్రమ్ వర్క్‌తో కలసి, చిన్న ఉండ చుట్టూ రబ్బరు దారాన్ని బిగువుగా లాగి చుట్టి పైన గట్టా పెర్చా తొడుగు వేసిన బంతిని తయారుచేశాడు. దీనికి 1899లో పేటెంటు లభించింది. ఈ బంతి గట్టీ కన్నా దూరం పోయేది, దెబ్బ సరిగా తగలకపోయినా క్షమించేది. 1902 ఓపెన్‌ను సెయింట్ ఆండ్రూస్‌లో పుట్టిన శాండీ హెర్డ్ ఈ బంతితో గెలిచాడు. 72 గుంటలూ ఒకే బంతితో ఆడాడు. చివరకు దాని తొడుగు చిట్లి లోపలి దారం కనబడుతున్నదట. దీనితో గట్టీ యుగం ముగిసింది. రబ్బరు దారంతో అంతకు ముందే కొందరు బంతులు చేశారన్న కారణంగా బ్రిటన్ న్యాయస్థానాలు హాస్కెల్ పేటెంటు చెల్లదని తీర్పు ఇవ్వగా అక్కడి తయారీదారులందరూ ఈ బంతిని చేయసాగారు. 1848లో రాబర్ట్‌సన్ ఎదుర్కొన్న పరిస్థితి ఇప్పుడు గట్టీలు చేసేవారికి ఎదురైంది.

మోరిస్ 1903లో పదవీవిరమణ చేశాడు. క్లబ్బు ఇతని తైలవర్ణ చిత్రాన్ని సర్ జార్జ్ రీడ్ చేత వేయించింది. 1908 మే 24న సెయింట్ ఆండ్రూస్‌లోని న్యూ గోల్ఫ్ క్లబ్బు భవనంలో మెట్లపై నుండి జారిపడి మరణించాడు. పాత ప్రధాన చర్చి శిథిలాల ఆవరణలో కుమారుని సమాధి సమీపాననే ఇతని సమాధి కలదు.

మోరిస్ తరువాత పరికరాలు

బంతిపై బుడిపెలకు బదులు చిన్న చిన్న గుంతలు ఉండాలన్న ఆలోచనకు ఇంగ్లాండుకు చెందిన విలియం టేలర్ 1905లో పేటెంటు కోరాడు. నేటి బంతి రూపం అదే. హికరీ కాడల స్థానంలో ఉక్కు గొట్టాల వాడకాన్ని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1929లో అనుమతించింది. అయినప్పటికీ 1930లో బాబీ జోన్స్ ఒకే ఏడాది నాలుగు ప్రధాన పోటీలు గెలిచినది హికరీ కర్రలతోనే. ఉక్కు కర్రలు ఒకే కొలతతో ఎన్నైనా తయారుకావడంతో ఆటగాళ్ళు ఇరవైకి పైగా కర్రలు మోయించసాగారు. అమెరికా సంఘం 1938లో, బ్రిటన్ 1939లో 14 కర్రల పరిమితి విధించాయి.

చాలాకాలం బ్రిటన్ బంతి (41.15 మి.మీ.) అమెరికా బంతి (42.67 మి.మీ.) కన్నా చిన్నది. 1974 నుండి ఓపెన్ పోటీలో పెద్ద బంతి తప్పనిసరి చేశారు. 1990లో చిన్న బంతి పూర్తిగా రద్దయింది. బరువు 45.93 గ్రాములకు మించరాదు. 1970లలో గ్రాఫైట్ కాడలు, 1979లో టేలర్‌మేడ్ సంస్థ లోహపు తల గల కర్ర వచ్చాయి. కలప తలలు క్రమంగా కనుమరుగైనా ఆ కర్రలను నేటికీ వుడ్ అనే పిలుస్తారు. 1991లో కాలవే సంస్థ బిగ్ బెర్తా వచ్చిన తరువాత తలల పరిమాణం పెరుగుతూ పోగా, 2004లో 460 ఘన సెంటీమీటర్ల గరిష్ఠ పరిమితి విధించారు. 2000లో టైటిలిస్ట్ సంస్థ ప్రో వి1 బంతిని విడుదల చేసిన తరువాత పోటీలలో దారం చుట్టిన బంతులు అంతరించాయి. బంతి మరీ దూరం పోతున్నదనీ పాత మైదానాలు చాలడం లేదనీ ఫిర్యాదులు రాగా, బంతిని పరీక్షించే నిబంధనలను కఠినతరం చేయబోతున్నట్లు నియంత్రణ సంస్థలు 2023 డిసెంబరులో ప్రకటించాయి.

ఇతర విశేషాలు

పెద్ద టామ్‌కు 1976లో ప్రపంచ గోల్ఫ్ ప్రముఖుల జాబితాలో స్థానం లభించింది. తండ్రీకొడుకుల కథ ఆధారంగా 2016లో టామీస్ ఆనర్ అనే ఆంగ్ల చలనచిత్రం వచ్చింది. ఇందులో పెద్ద టామ్ పాత్రను పీటర్ ముల్లన్ పోషించాడు. సెయింట్ ఆండ్రూస్ పాత మైదానంలోని పద్దెనిమిదవ గుంటకు ఇతని పేరు పెట్టారు. దాని పక్కన ఇతని దుకాణం ఉన్నచోట ఇప్పటికీ గోల్ఫ్ సామగ్రి అమ్ముతున్నారు.